సింగడికి గిట్టని చప్పుడు

ఎండ నడినెత్తికి వచ్చిందంటే గొర్రెల మందకి ఇక వేరే పనేమీ ఉండదు. పొద్దున్నుంచీ మేసిన మేతంతా పొట్టలో మూట కట్టుకుని వచ్చి, తుమ్మచెట్ల నీడన కూలబడి, ఆ మూట విప్పుకుని నింపాదిగా నెమరేసుకుంటాయి. లింగయ్య మందలోనూ అంతే. చిన్న గొర్రెపిల్లల్ని ముళ్లకంపతో కట్టిన దడిలోకి తోలి, సద్ది తిని, తలగుడ్డ మొహం మీద కప్పుకుని లింగయ్య గుర్రుపెట్టేవాడు. అంతకంటే ప్రశాంతమైన వేళ లోకంలో ఉండదని దారినపోయేవాళ్లు అనుకునేవారు. అనుకోరూ మరి! వాళ్లెవరూ సింగణ్ణి అడగలేదు.

సింగడు ఆ మందకి కాపలా కుక్క. మంచి జాతి, వెడల్పాటి ఛాతీ, తోడేలునైనా తరిమికొట్టే దవడ. ఉరుము ఉరిమితే చెవి కూడా ఆడించడు. లింగయ్య గురక పక్కనే హాయిగా కునుకు తీస్తాడు. తాను ఎముక కొరికేటప్పుడు పటపటమనే చప్పుడైతే అతనికి వినసొంపుగానే ఉండేది. కానీ పక్కన గొర్రె నెమరు మొదలుపెట్టిందా, అయిపోయింది! చపక్, చపక్ అని ఆ చప్పుడు చెవిలో పడగానే మెడ మీద వెంట్రుకలు లేచేవి. ఛాతీలో మంట. దవడ దానంతటది బిగుసుకునేది. లేచి పారిపోవాలి, లేదంటే ఎవర్నైనా కొరకాలి. మధ్యలో ఇంకో దారి ఉండేది కాదు.

అన్నిటికంటే ఘోరమైన సంగతి ఇంకొకటుంది. పక్క మందలో గొర్రెలు నెమరేస్తే అతనికి అంత బాధ ఉండేది కాదు. బొల్లి పెద్దమ్మ నెమరేస్తేనే ప్రాణం మీదికి వచ్చేది. కళ్లు తెరవకముందే తల్లి పోతే, తన పిల్లతో పాటు సింగడికీ పాలిచ్చి పెంచిన గొర్రె ఆ బొల్లి. ఇప్పుడు ముసలిదైంది. ముందుపళ్లు ఊడాయి, పెదవులు జారాయి, మందలో ఎవరి నెమరూ ఆమె నెమరంత చప్పుడు చెయ్యదు. 'తల్లి పాలు తాగి రొమ్ము గుద్దేవాడంటే నేనే' అని సింగడు తనను తాను తిట్టుకునేవాడు. తిట్టుకుంటే మంట తగ్గుతుందా? సిగ్గు ఒకటి అదనంగా వచ్చి చేరేది.

ఒక మధ్యాహ్నం బొల్లి వచ్చి అతని పక్కనే ఒత్తుకుని పడుకుంది.

"ఏరా నాయనా, ఈమధ్య దూరదూరంగా ఉంటుండావు?" అని ప్రేమగా అడిగి, పొట్టలోంచి ఒక ముద్ద పైకి తెచ్చుకుని మొదలుపెట్టింది. చపక్. చపక్. చపక్.

సింగడు కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగపట్టాడు. కాళ్ల గోళ్లు మట్టిలో దిగేసుకున్నాడు. చపక్. అంతే, ఏమైందో అతనికే తెలియదు. తెలివి వచ్చేసరికి బొల్లి ఎగిరి అవతల పడి ఉంది. అతని నోట్లో ఆమె చెవి వెంట్రుకలు నాలుగు ఉన్నాయి.

నెత్తురు రాలేదు. ఎవరూ చూడలేదు. బొల్లి అతని కళ్లలోకి చూసిందంతే. సింగడు తోక ముడుచుకుని గుట్ట వెనక్కి పరుగెత్తాడు.

మందలో గొర్రె మీద పన్ను పెట్టిన కుక్కకి మందలో చోటుండదు. అది లింగయ్య తాతలనాటి నుంచీ ఉన్న కట్టుబాటు. సింగడికి ముందున్న కుక్క ఒక గొర్రెపిల్ల కాలు కొరికిందని, దారినపోయే బండివాళ్లకి దాన్ని అప్పగించేశాడు లింగయ్య. బండి వెనక కట్టిన తాడు ఈడ్చుకుపోతుంటే అది మంద వైపే చూస్తూ పోయిందని అందరూ చెప్పుకునేవారు. ఇవాళ వెంట్రుకలు, రేపు చెవి. ఆ తర్వాత తన మెడకీ అదే తాడు. గుట్ట వెనక రాళ్ల మధ్య కూర్చుని సింగడు కుయ్యోమన్నాడు.

"ఏం తమ్ముడూ, మొహం అట్టా వేలాడేశావు?"

రాతి మీద ఒక గుంటనక్క కూర్చుని ఉంది. సింగడు గుర్రుమన్నాడు.

"నీకు నేను తమ్ముణ్ణి ఎట్టా అయ్యాను?"

"అదేం మాట! మీ ముత్తాతా మా ముత్తాతా ఒకే బొరియలో పుట్టారు. మీవాడు మనిషి పోసే గంజికి ఆశపడి పోయాడు, మావాడు పోలేదు. అంతమాత్రాన చుట్టరికం పోతుందా? చెప్పు నాయనా, చెప్పుకుంటే గుండె తేలికపడుతుంది."

బాధలో ఉన్నవాడికి మెత్తటి మాట కావాలి. అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూసుకునే ఓపిక ఉండదు. సింగడు మొత్తం చెప్పేశాడు. నెమరు, మంట, బొల్లి చెవి, నోట్లో వెంట్రుకలు, ఏదీ దాచలేదు.

నక్క తల పంకిస్తూ విన్నది. లోపల మాత్రం దాని పేగులు పండగ చేసుకుంటున్నాయి.

"పిచ్చి తమ్ముడూ, నువ్వు దగ్గరికి పోతే ఆ చప్పుడు ఎక్కువవుతుందా, లేదా?"

"అవుతుంది."

"వద్దనుకునేకొద్దీ ఇంకా గట్టిగా వినపడుతుందా, లేదా?"

"అవునన్నా! అచ్చం అట్టాగే."

"అయితే ఇంకేం? కావాలనే చేస్తున్నారు! నిన్ను ఉడికించడానికే. అడవిలో జింకలు నెమరెయ్యవా? ఒక్కనాడైనా చప్పుడు విన్నావా? నీ మీద నిజంగా ప్రేముంటే ఒక్క పూట మానలేరా?"

సింగడికి ఆ మాట నచ్చలేదు. నచ్చకపోయినా లోపలికి పోయి కూర్చుంది.

"సరేలే, నీ వాళ్లని నేనెందుకు అనాలి," అని నక్క గొంతు తగ్గించింది. "ఒక ఉపాయం చెప్తా విను. అదుగో, వాగు మీద రాతికట్ట ఉంది చూశావా? నీళ్లు అక్కణ్ణించి దూకుతుంటాయి. ఆ హోరులో పక్కనోడు కేకేసినా వినపడదు. మధ్యాహ్నం పూట హాయిగా పోయి అక్కడ పడుకో. మందకి ఏమన్నా అయితే నేను లేనూ? ఒక్క పరుగున వచ్చి చెప్పనూ?"

మర్నాడు సింగడు వాగు కట్ట దగ్గరికి పోయాడు. పోయి పడుకున్నాడో లేదో, ఒళ్లంతా వదులైంది. నీళ్ల హోరు తప్ప లోకంలో ఇంకేం లేదు. ఎన్నాళ్ల తర్వాతో దవడ నొప్పి లేకుండా నిద్రపోయాడు. లేచి వచ్చేసరికి మంద కూడా లేచి మేతకి సిద్ధంగా ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. 'నక్కన్న మంచివాడే, ఊరికే అంటారు' అనుకున్నాడు. మధ్యాహ్నం అయితే చాలు, దొంగలా గుట్ట చాటు నుంచి జారుకోవడం అలవాటు చేసుకున్నాడు.

నక్క తొందరపడలేదు. రుచి మరిగిన చేపకి ఎర దిగమింగే వ్యవధి ఇవ్వాలని దానికి తెలుసు.

ఆ మందకి గడ్డం తాత అని ఒక మేకపోతు ఉండేవాడు. గొర్రెలకి దారి తెలీదు కాబట్టి ముందు నడవడానికి లింగయ్య మేకపోతుని పెట్టి, దాని మెడలో ఇత్తడి గంట కట్టాడు. ఆ గంట వెనకే మందంతా నడుస్తుంది. దాంతో తాతకి కాస్త గర్వం. మధ్యాహ్నం అందరితో కలిసి నీడన పడుకోడు. దూరంగా ఒక బండరాయి ఎక్కి, రాజుగారిలా కూర్చుని కునుకుతాడు. ఒక రోజు అలా కునుకుతూ ఒక కన్ను తెరిచి చూస్తే, కంపదడి సందులో ఎర్రటి తోక కనిపించింది.

తాత బండ మీంచి ఒక్క దూకు దూకాడు. గంట గణగణమంది. దడిలోంచి నక్క ఒక పిల్లని వెనక కాలు పట్టి లాగుతోంది. అది బొల్లి కడగొట్టు పిల్ల. తాత కొమ్ములు వంచి నక్క డొక్కలో పొడిచాడు. నక్క పిల్లని వదిలి పొదల్లోకి పోయింది. మందంతా లేచి మే మే అని ఒకటే గోల. లింగయ్య తలగుడ్డ లాగేసి, కర్ర పట్టుకుని, "సింగా! ఒరే సింగా!" అని అరిచాడు.

సింగడికి ఏం వినిపిస్తుంది? నీళ్ల హోరులో హాయిగా నిద్రపోతున్నాడు.

అతను వచ్చేసరికి పిల్ల తొడకి లింగయ్య పసుపు అద్దుతున్నాడు. బొల్లి ఆ పిల్ల మొహం నాకుతోంది. లింగయ్య కర్ర ఎత్తలేదు. అది ఎత్తినా బాగుండేది. "కాపలా కాయని కుక్క నాకెందుకురా? ఇంకొక్కసారి ఇట్టా అయిందా, దారినపోయేవాళ్ల చేతిలో నీ తాడు పెడతా," అని లేచి, పిల్లకి ఆకు పసరు తెద్దామని వెళ్లాడు.

మంద అతని చుట్టూ గుమిగూడింది. గడ్డం తాత గంట ఊపుకుంటూ ముందుకొచ్చాడు.

"ఎక్కడికి పోయావురా?"

సింగడు వాగు వైపు చూశాడు.

"నక్క నిన్న కూడా గుట్ట మీద తిరిగిందంట. నీకు వాసన రాలేదా?"

"వచ్చింది తాతా. నాకు తెలిసిందే. నక్కన్న..." అని ఆగిపోయాడు.

"నక్క... అన్నా?" తాత గడ్డం వణికింది. "గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు అని లోకమంతా మనల్ని ఎగతాళి చేస్తుంది. ఇక్కడ కుక్కే నక్కని నమ్మింది. విన్నారర్రా!"

ఇంక దాచి ఏం లాభం? బొల్లి పిల్ల తొడ మీద పసుపు తడి ఇంకా ఆరలేదు. సింగడు తల నేలకి ఆనించి మొత్తం చెప్పాడు. చెప్తూ ఉంటే కంటి నీళ్లు ముక్కు మీదుగా జారాయి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కొమ్ముల పొట్టేలు పకపకా నవ్వింది. "నెమరేస్తే కోపమా? ఇంకా నయం, రేపు ఊపిరి పీలిస్తే కూడా కోపం అంటాడు!"

"ఒక్కోసారి అదీ..." అన్నాడు సింగడు మెల్లగా.

పొట్టేలు నవ్వు ఆగిపోయింది.

"నాకు ఇష్టమై రాదు మామా. మీమీద కోపం కాదు. చప్పుడు చెవిలో పడ్డాక నేను నా చేతిలో ఉండను. మీరు నా వాళ్లు కాబట్టే ఇంకా ఎక్కువగా ఉంటుంది, ఎందుకో తెలీదు. కావాలనే చేస్తున్నారేమో అని కూడా అనుకున్నా. నక్క అట్టా అంది, నేను నమ్మాను."

బొల్లి ముందుకొచ్చింది. సింగడు వెనక్కి జరిగాడు. ఆమె ఇంకో అడుగు వేసి, అతని తలకి తల ఆనించింది.

"పిల్లప్పుడు నా పొట్టకి ఆనుకుని పడుకునేవాడివి. నేను నెమరు మొదలుపెట్టగానే లేచి అవతలికి పోయేవాడివి. ఆట మీద ధ్యాస అనుకున్నానురా, మొద్దుదాన్ని. మొన్న నా చెవి పట్టినప్పుడు నీ కళ్లు చూశా. పగ ఉన్నోడి కళ్లు అట్టా ఉండవు. ముల్లు గుచ్చుకున్నోడి కళ్లు అట్టా ఉంటాయి. అప్పుడైనా అడగాల్సింది, అడగలేదు. మా పిన్ని ఒకావిడ ఉండేది. లింగయ్య కొడవలి నూరుతుంటే చాలు, ఆమెకి మేత దిగేది కాదు. మేం నవ్వేవాళ్లం. ఎంత బాధపడిందో ఏమో!"

"అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లోనా?" అన్నాడు తాత ఇంకా కోపంగానే. "ఈ ముక్క ముందే మాకు చెప్తే నీ సొమ్మేం పోయింది? సరే, అయిందేదో అయింది. ఇప్పుడేం చేద్దాం?"

"మనం నెమరు మానేస్తే?" అంది ఒక పడుచు గొర్రె.

మానేసి చూశారు. కాసేపటికే పొట్టలు డోళ్లలా ఉబ్బాయి. నెమరు మానిన గొర్రె బతకదు, అది గొర్రె తప్పు కాదు. సింగడే వద్దని బతిమాలాడు.

"చెవుల్లో ఉన్ని కుక్కుకుంటే?" అంది ఇంకొకటి.

కుక్కుకున్నాడు. హాయిగానే ఉంది. కానీ వెనకనుంచి పొట్టేలు వచ్చి తోక తొక్కేదాకా అది వచ్చిన సంగతి తెలియలేదు. చెవిటి కుక్క కాపలాకి పనికిరాదు కదా, ఉన్ని పీకేశారు.

అప్పుడు బొల్లి, "తాతా, నువ్వొకసారి వీడి పక్కన కూర్చో," అంది.

"నేనా? నా బండ మీద..."

"బండ ఎక్కడికీ పోదులే."

తాత సణుక్కుంటూ సింగడి పక్కన కూర్చుని, ముద్ద పైకి తెచ్చుకుని నమలడం మొదలుపెట్టాడు. నమిలినప్పుడల్లా గడ్డం ఊగింది, గడ్డంతో పాటు మెడలో గంట ఊగింది. టంగు, టంగు, టంగు. చుట్టూ మందంతా నెమరేస్తోంది. సింగడు పళ్లు బిగపట్టి కాచుకున్నాడు. కాచుకుంటూనే ఉన్నాడు.

"ఎట్టా ఉందిరా?"

"గంట వినిపిస్తోంది తాతా. దాని కింద ఆ చప్పుడు కూడా ఉంది. ఉంది కానీ... కరవట్లేదు."

గంట మోగుతున్నా మంద అవతల పురుగు పాకితే అతనికి వినపడుతూనే ఉంది. అంతకంటే ఏం కావాలి? అయినా ఒక్క గంటతో అన్ని రోజులూ గడవవని బొల్లికి తెలుసు. అందుకని ఆమె ఇంకో మాట పెట్టింది. మంట మొదలైనప్పుడు, అది ముదరకముందే, సింగడు చెప్పి లేవాలి. మంద చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. అతను లేచి పోతే ఎవరూ మొహం మాడ్చుకోకూడదు. బొల్లి కూడా ఇకనుంచి అతనికి కాస్త ఎడంగా, గాలి అటు పోయే వైపు పడుకుంటుంది. ప్రేమ తగ్గి కాదు, ప్రేమ ఉండే.

మొదట్లో సింగడికి లేవాలంటే మొహమాటం. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, ఎవరన్నా చూస్తున్నారా అని చూసేవాడు. ఎవరూ చూసేవారు కాదు. హాయిగా నెమరేసుకుంటూ ఉండేవారు. పోనుపోనూ ఆ చుట్లే మంచి కాపలా అయ్యాయి. కొన్ని రోజులు అప్పటికీ చెడ్డవే. అలాంటి రోజు పది చుట్లు తిరిగేవాడు. లింగయ్య ఒక కన్ను తెరిచి చూసి, "ఏందిరా, ఈమధ్య బుద్ధొచ్చిందే!" అని మళ్లీ నిద్రపోయేవాడు.

డొక్కలో నొప్పి తగ్గాక నక్క మళ్లీ వచ్చింది. నక్క బుద్ధి ఊరుకుంటుందా? పొదల చాటునుంచి చూసింది. గంట ఎక్కడుంటే కుక్క అక్కడుంటోంది, గంట మోగితే కుక్క నిమ్మళంగా ఉంటోంది. ఓహో, ఇదా సంగతి అనుకుని, సింగడు చుట్టు తిరుగుతూ గుట్ట పక్కకి వచ్చినప్పుడు దిగులు మొహం పెట్టి ఎదురొచ్చింది.

"తమ్ముడూ! ఆ రోజు నీ మందలోకి తోడేలు వచ్చిందయ్యా. నేను పిల్లని కాపాడదామని పట్టుకుని లాగుతుంటే, ఆ ముసలి మేక నన్నే పొడిచింది. చేసిన మేలు ఎవరు గుర్తిస్తారులే!"

సింగడికి మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఈసారి చప్పుడేమీ లేదు, అయినా లేచాయి. అక్కడికక్కడే దాని గొంతు పట్టుకునేవాడే. కానీ నక్క నిలబడ్డ చోటు నుంచి దాని బొరియకి ఒక్క గెంతు దూరం. ఇవాళ తప్పించుకుంటే రేపు తను లేనప్పుడు వస్తుంది. అందుకని మొట్టమొదటిసారి, నక్క దగ్గర నేర్చుకున్న మెత్తటి గొంతుతోనే మాట్లాడాడు.

"నాకు తెలుసులే అన్నా, నువ్వు అట్టాంటోడివి కాదని. నా బాధ నీకొక్కడికే గదా అర్థమైంది. వీళ్ల నెమరు భరించలేక ఆ ముసలాయన గంట పట్టుకుని వేలాడుతుండా. రేపు తాత వాగు గట్టున మేస్తానన్నాడు. గంట లేకుండా నేను ఇక్కడ ఉండలేను, నేనూ పోతా."

"పో నాయనా, పో. ఆరోగ్యం ముఖ్యం," అంది నక్క. దాని నాలుక పెదవి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం లింగయ్య తలగుడ్డ కప్పుకున్నాడు. వాగు వైపునుంచి టంగు, టంగు అని గంట వినిపించింది. మందలో ఎక్కడా మెదలిక లేదు. గొర్రెలన్నీ కళ్లు మూసుకుని ఒకదాన్నొకటి ఆనుకుని పడున్నాయి. నక్క పొదల్లోంచి మూతి బయటపెట్టింది. గంట అక్కడ. కుక్క గంట దగ్గర. గొర్రెలు నిద్రలో. లొట్టలేసుకుంటూ పొట్ట నేలకి ఆనించి పాకింది.

నక్కకి నాలుగు వైపులా చూసే కళ్లున్నాయి, వాసన పట్టే ముక్కుంది. ఆ రోజు గాలి దాని వెనకనుంచి వీస్తోంది కాబట్టి ముక్కు పనిచెయ్యలేదు. ఇంక చెవులంటారా, మధ్యాహ్నం పూట ఇంత పెద్ద మందలో ఒక్క దవడ కూడా ఆడట్లేదని ఆ చెవులు గమనించలేదు. ఎందుకు గమనిస్తాయి? నెమరు చప్పుడు దానికి ఎప్పుడన్నా వినిపిస్తే కదా, ఆగినప్పుడు తెలియడానికి! ఆ చప్పుడు అడ్డం పెట్టుకుని కుక్క బతుకుతో ఆడుకుంది కానీ, నక్క మాత్రం దాన్ని ఒక్కసారి చెవి పెట్టి విన్నది లేదు.

గొర్రెల బుగ్గల్లో ముద్దలు అలాగే ఉన్నాయి. పొట్టేలుకైతే కళ్లు బయటికి వస్తున్నాయి. ఆ రోజు నవ్వినందుకో ఏమో, అందరికంటే పట్టుదలగా బిగబట్టింది అదే.

నక్క దడి సందులోంచి లోపలికి దూరింది. పిల్లలన్నీ ఒక మూల ముద్దగా ఉన్నాయి. వాటి ముందు, కాళ్లు ముడుచుకుని, మీద బొల్లి పాత ఉన్ని కప్పుకుని, ఒక పెద్ద గొర్రెపిల్ల పడుకుని ఉంది. మరీ పెద్దది. నక్క సంతోషంతో దాని దగ్గరికే పోయింది.

ఆ గొర్రెపిల్లకి పళ్లున్నాయి.

"తమ్ముడూ!" అని కీచుమంది నక్క. "నువ్వు... గంట అక్కడ... మరి వీళ్ల నెమరు..."

"నా మీద ప్రేముంటే ఒక్క పూట మానలేరా అన్నావు గదా? చూడు అన్నా. మానారు."

ఆ తర్వాత మాటలకి అవకాశం లేకపోయింది. నక్క వచ్చిన సందులోంచి పోదామంటే అక్కడ పొట్టేలు కొమ్ములు ఉన్నాయి. కంప మీదుగా దూకుదామంటే సింగడి కాలు దాని తోక మీద ఉంది. తోక లాక్కుని దూకింది. తోకలో సగం కుచ్చు సింగడి గోళ్లలో, ఒంటి బొచ్చులో సగం ముళ్లకి మిగిలిపోయాయి. లింగయ్య లేచి కర్ర విసిరాడు. వాగు దగ్గర తాత ఎదురొచ్చి, కిందటిసారి పొడిచిన డొక్కని వదిలేసి రెండోదాని సంగతి చూశాడు. గుట్ట దాటి, చేలు దాటి పోతున్న నక్కని చూసి, అది ఇక ఈ పక్కకి రాదని అందరికీ అర్థమైంది.

"నక్క తోక తొక్కినోడికి అదృష్టం పడుతుందంటార్రా," అన్నాడు తాత రొప్పుతూ. "ఇంక నీకు తిరుగులేదు."

లింగయ్య వచ్చి దడి చూశాడు, పిల్లల్ని లెక్క చూసుకున్నాడు, సింగడి తల మీద చెయ్యి వేశాడు. మెడకి తాడు కట్టే చెయ్యి కాదది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ సింగడు కదల్లేదు. ఎన్నాళ్లుగానో గుండెలో పెట్టుకుని తిరిగిన భయం ఆ చేతి బరువుకే అణిగిపోయినట్టయింది.

లింగయ్య అటు తిరిగాడో లేదో, మంద ఇంక ఆగలేకపోయింది. బిగబట్టిన నెమరంతా ఒక్కసారి వదిలేసింది. చపచప, చపక్ చపక్, కరకర, ఆకాశం కిందంతా అదే చప్పుడు. పొట్టేలైతే కళ్లు మూసుకుని, అమ్మయ్య అంటూ నములుతోంది. సింగడి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తన కోసం ఇంతసేపు పొట్ట ఉబ్బబెట్టుకున్నవాళ్ల చప్పుడే అది. వాళ్ల మీద గుండె నిండా ప్రేమ ఉంది. ఛాతీ నిండా మంటా ఉంది. రెండూ నిజమే.

"పెద్దమ్మా," అన్నాడు. "మండుతోంది. ఒక చుట్టు తిరిగొస్తా."

"పోయిరా నాయనా," అంది బొల్లి నమలడం ఆపకుండానే.

సింగడు తోక పైకెత్తి, అందరి కళ్ల ముందు నుంచే నడుచుకుంటూ పోయాడు.

అయినవాళ్ల దగ్గర దాచిన బాధ కానివాడి చేతిలో ఆయుధమవుతుంది.